వెన్నెల మేస్త్రి విసురు

ఆ రొట్టెల కార్ఖానాలో పెద్ద మేస్త్రికి ఒక విసురు ఉండేది. గుప్పెడు పొడిపిండి తీసుకుని మణికట్టు ఒక్కసారి తిప్పి వదిలితే ఆరడుగుల బల్ల ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లబడిపోయేది. పిండి ఆరబోసినట్టు వెన్నెల అంటారే, అదిగో అలా. అందుకే అందరూ అతన్ని వెన్నెల మేస్త్రి అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

నలభై ఏళ్ళు ఆ విసురుతో మెప్పు పొందిన మనిషి దాన్ని చిన్న విషయం అనుకుంటాడా? దానికో పరీక్ష కూడా పెట్టాడు. సొంత బల్ల కావాలంటే అందరి ముందూ నిలబడి ఒక్క విసురుతో బల్లంతా కప్పాలి. మధ్యలో ఎక్కడైనా చెక్క కనిపించిందా, ఇంకో ఏడాది బస్తాలు మోయాల్సిందే. పైగా “పిండికి తుమ్మేవాడు రొట్టె మీద బతకలేడు” అని ఒక సామెత సొంతంగా పుట్టించాడు. పొరపాటున ఎవరైనా తుమ్మితే పదకొండు బల్లలూ గొల్లుమనేవి. ఆ వారమంతా వాడి పేరు ముక్కుపొడి.

ఐదో బల్ల మేస్త్రి కూతురిది. జడలా అల్లే రొట్టెలో ఆమె చెయ్యి పడితే తండ్రి కూడా పక్కకి తప్పుకోవాల్సిందే. ఆర్నెల్లుగా ఆమెకి జలుబు. జలుబేనని ఆమె అంటోంది, తండ్రి నమ్ముతున్నాడు. తల్లి మాత్రం ఇద్దరినీ నమ్మడం ఎప్పుడో మానేసింది.

ఇంతలో కార్ఖానా యజమానురాలికి ఎక్కడ తట్టిందో గానీ, పనివాళ్ళ ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది. గోడకి నవ్వు మొహాల బొమ్మలు అంటించింది. గుమ్మం దగ్గర పళ్ళ బుట్ట పెట్టింది. సోమవారం నుంచి పది నిమిషాలు కసరత్తు అంటూ ఒక మాస్టారిని తీసుకొచ్చింది. ఆయన బల్లల మధ్య నిలబడి, “నిండుగా పీల్చండి, మెల్లగా వదలండి” అన్నాడు. రెండు గంటలుగా పదకొండు చేతులు పిండి విసురుతున్న గది అది. అక్కడ నిండుగా పీలిస్తే ఏం లోపలికి పోతుందో మాస్టారికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు.

మూడోసారి పీల్చిన ఊపిరిని కూతురు వదలలేకపోయింది. బల్ల కాలు పట్టుకుని కూలబడింది. ఆమె గొంతులోంచి వస్తున్న పిల్లికూతలు అవతల పొయ్యిల దాకా వినిపించాయి. వెన్నెల మేస్త్రి ఆమెని చేతుల మీద ఎత్తుకుని బయటికి పరిగెత్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కూతురు చిన్నప్పటంత తేలిగ్గా ఉండడం చూసి అతనికి భయం వేసింది.

“సెలవు రోజున ఎలా ఉంటుంది?” అని అడిగింది డాక్టరమ్మ.

కూతురు నేల చూసింది. తల్లే అందుకుంది. “సెలవు రోజున నిక్షేపంలా ఉంటుందండీ. పనికెళ్ళిన రోజే ఈ కూతలు.”

“పిండి దుమ్ము పడట్లేదు. మందు ఇస్తాను. కానీ మందు గొడుగులాంటిది, వానని ఆపదు. గదిలో దుమ్మైనా తగ్గాలి, ఈ అమ్మాయైనా ఆ గది మానుకోవాలి.”

“నేను నలభై ఏళ్ళుగా పీలుస్తున్నానండీ, నాకేమైంది?” అన్నాడు మేస్త్రి.

“మీకేం కాలేదు. ఈవిడకైంది.”

ఇంటికొచ్చాక తల్లి ఒక్కటే మాట. “రేపటి నుంచి పన్లేదు, గిన్లేదు. మానెయ్.”

“ఆ బల్ల మానేసి ఏం చేయనమ్మా?” అంది కూతురు. “నాకొచ్చింది అదొక్కటే. నచ్చిందీ అదే.” ఆ తర్వాత ఆమె ఏడ్చిందని తల్లి చెప్పింది. తండ్రి ఎదుట ఏడవలేదు.

మర్నాడు మేస్త్రి కార్ఖానాలో అందరి మీదా విరుచుకుపడ్డాడు. పిండి మర ఆడించినవాణ్ణి తిట్టాడు, ఫ్యాను బిగించినవాణ్ణి తిట్టాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడంలో అతనూ ఎవరికీ తీసిపోడు. పది గంటలకి పై కిటికీలోంచి ఎండ పడింది. అలవాటు చొప్పున విసిరి, ఆ ఎండలోకి చూశాడు. పిండి బల్ల మీద పడిందని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. సగం పడలేదు, గాల్లోనే తిరుగుతోంది. ఎంతసేపు తిరుగుతుందో చూద్దామని అంకెలు లెక్కపెట్టాడు. రెండు వందలు దాటినా దిగలేదు. ఈలోగా పక్క బల్లవాడు విసిరాడు, ఆ పక్కవాడూ విసిరాడు. తిలా పాపం తలా పిడికెడు అని సర్దుకోవచ్చు. కానీ ఆ పిడికిలి ఎలా విప్పాలో అందరికీ నేర్పింది తనే.

అతను నడుముకున్న గుడ్డ కూడా విప్పకుండా యజమానురాలి గదికి వెళ్ళాడు.

“మేడమ్, పళ్ళు పెట్టారు, తింటాం. కసరత్తు బయట చెట్టు కింద పెట్టించండి. ఆరోగ్యానికి మాత్రం నేను చెప్పేది చెయ్యాలి. ఇక ఈ గదిలో ఎవరూ పిండి విసరరు. చేతి జల్లెడ పెట్టి, బల్లకి జానెడు ఎత్తులో రాల్చాలి. కుదిరినచోట పిండికి బదులు చేతికి నూనె రాసుకోవాలి. చీపురు బంద్, తడిగుడ్డతో తుడవాలి. బస్తా దులపకూడదు.”

“విసరొద్దంటున్నది మీరేనా?” అందామె. “మధ్యాహ్నం ఒంటిగంటకి నాలుగు వేల రొట్టెలు వెళ్ళాలి మేస్త్రీ. జల్లెడలతో అవుతుందా?”

“అవ్వాలి.”

“వారం రోజులు చూస్తాను. లెక్క తగ్గితే మళ్ళీ పాత పద్ధతే.”

“మన వెన్నెలకి అమావాస్య పట్టిందిరోయ్!” అన్నాడు మొదటి బల్లవాడు. ఎత్తు చూసి వాణ్ణి అందరూ పొడుగు అంటారు. మేస్త్రి దగ్గర అందరికంటే ముందు పని నేర్చుకున్నవాడు కాబట్టి ఆ చనువు. అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఒక్కొక్కరి బల్ల మీదా ఒక్కో జల్లెడ పెట్టి వచ్చాడు.

అసలు కష్టం అతని చేత్తోనే వచ్చింది. జల్లెడ పక్కనే ఉన్నా చెయ్యి తనంతట తనే గుప్పెడు తీసుకుని పైకి లేచేది. మొదటి గంటలో నాలుగుసార్లు విసిరేశాడు. చెప్పేవి నీతులు, చేసేవి అవే చేష్టలు. ఐదోసారి చెయ్యి లేవబోతుంటే కోపంతో గుడ్డపీలిక తీసుకుని కుడి మణికట్టుకి ఒక కొస, నడుముకి ఒక కొస కట్టుకున్నాడు. ఇక చెయ్యి మోచేతిని దాటి లేవదు. “మేస్త్రిని కట్టేశార్రా!” అని పొడుగు అరిచాడు. “కట్టుకున్నాను, నేనే,” అన్నాడు మేస్త్రి.

మొదటి రోజు మూడు వందల రొట్టెలు తక్కువ. రెండో రోజు ముద్దలు బల్లకి అంటుకుపోయి ఇంకా తక్కువ. మూడో రోజు కూతురు మందు వాడుతూ, మూతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. ముద్దలో నీళ్ళు చారెడు తగ్గిస్తే బల్ల మీద పిండే పెద్దగా అక్కర్లేదని ఆమే కనిపెట్టింది. అంత చిన్న సంగతి నలభై ఏళ్ళుగా పిండి పిసుకుతున్న మేస్త్రికి తట్టలేదు. ఆ రోజు నుంచి లెక్క ఎక్కడం మొదలైంది.

ఏడో రోజు పన్నెండున్నరకి ఇంకా వంద రొట్టెలు కావాలి. పొడుగు బల్ల దాటి వచ్చి చెవిలో అన్నాడు, “మేస్త్రీ, ఒక్క గుప్పెడు. ఒకే ఒక్కటి. లెక్క సరిపోద్ది. ఎవరికి తెలుస్తుంది?”

“పీల్చేవాళ్ళకి తెలుస్తుందిరా. నీ బల్లకి పో.”

ఒంటిగంటకి నలభై తక్కువొచ్చాయి. యజమానురాలు లెక్క కాగితంతో వచ్చి నిలబడింది.

“తక్కువే మేడమ్,” అన్నాడు మేస్త్రి ఆమె నోరు తెరవకముందే. “రేపూ తక్కువే కావచ్చు. పాత పద్ధతి కావాలంటే ఇంకో మేస్త్రిని చూసుకోండి. నేను మాత్రం ఈ గదిలో విసరను, విసరనివ్వను.”

ఆమె కాగితం తిప్పి చూసింది. “గోదాము చూసే అతను చెప్పాడు. ఈ వారం రెండు బస్తాల పిండి మిగిలిందట. అంటే ఇన్నాళ్ళూ గాలికి తినిపించామన్నమాట.” కాగితం మడిచింది. “ఆ నలభై మెల్లగా వస్తాయిలెండి. కానివ్వండి.”

ఆమె వెళ్ళాక మేస్త్రి తడిగుడ్డ తీసుకుని ఐదో బల్ల తుడవడానికి వెళ్ళాడు. కూతురు మూతి గుడ్డ విప్పి పక్కన నిలబడింది. వారంగా దాచుకున్న సంతోషం అతని మొహం నిండా ఉంది.

“చూశావా? ఇక నీకు ఏం కాదు. ఆర్నెల్ల జలుబు ఆర్నెల్లలో పోతుంది.”

“ఆర్నెల్లు కాదు నాన్నా,” అంది కూతురు. “ఎనిమిదేళ్ళు. పరీక్ష రోజున కూడా ఊపిరి బిగబట్టే విసిరాను. నువ్వు అందరికీ ‘నా బిడ్డ, నా బిడ్డ’ అని చూపిస్తుంటే, బస్తాల వెనక్కెళ్ళి తుమ్మి వచ్చాను.”

“ఒక్క మాట చెప్పలేదేమే?”

“నీ మొహం అంత వెలిగిపోతుంటే ఎలా చెప్పను?”

మేస్త్రి అక్కడే బస్తా మీద కూర్చుండిపోయాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఎనిమిదేళ్ళు తన కూతురు తన కళ్ళ ముందే ఊపిరి బిగబట్టి బతికింది. పిండి కంటే ముందు ఆమె గొంతు నొక్కింది తను పుట్టించిన సామెతే.  కాసేపటికి లేచాడు. కూతురి తల మీద ఒకసారి చెయ్యేసి, తిన్నగా మొదటి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

“నీకెన్నేళ్ళ నుంచిరా ఈ తుమ్ములు?” అని అడిగాడు.

పొడుగు ఏదో హాస్యం ఆడబోయాడు. మేస్త్రి కళ్ళు చూసి ఆగిపోయాడు. “ఆరేళ్ళు, మేస్త్రీ,” అన్నాడు మెల్లగా.

మేస్త్రి తల ఊపి రెండో బల్ల దగ్గరికి నడిచాడు.