కార్డులో జాగా

పెద్దకర్మకి దండ వేయాలంటే దేవి ఫొటో కావాలి. ఉక్కు కార్ఖానా ఊళ్లోని భుయ్యాడీహ్ బస్తీలో ఫొటో స్టూడియో నడిపే సూర్యానికి సొంత పెళ్లాం ఫొటో దొరకడం లేదంటే నవ్వాలా, ఏడవాలా? ఓటరు కార్డు మీద ఉన్న మొహాన్ని దేవే ఏనాడూ తనదని ఒప్పుకోలేదు.

ఫిల్ము రీలు కాలంలో ఎప్పుడు పిలిచినా "నా మీద రీలెందుకు పాడుసేత్తావు మావా" అని తప్పించుకునేది. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ సాకు చెల్లలేదు. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం పట్టుచీర కట్టుకుని, తనంతట తనే వచ్చి స్టూలు మీద కూర్చుంది.

ఖర్మ చూడండి, సరిగ్గా అప్పుడే కెమెరాలోని మెమరీ కార్డు నిండిపోయి ఉంది. జుగ్సలాయి సేటు కొడుకు పెళ్లంతా పెద్ద సైజులో తీశాడు. కంప్యూటర్లో దించుకుందామంటే అందులోనూ చోటు లేదు. కార్డులో పెళ్లికొడుకు ఎక్కిన గుర్రానివే ఒకేలాంటి ఫొటోలు బోలెడు. ఒక్కటి చెరిపేస్తే సరిపోయేది. కానీ రీలు నాటి మనిషి కదా, ఫొటోలు తీయించుకున్న పార్టీ చూసి ఏరుకోకముందు ఒక్క నెగటివ్ కూడా పారేసి ఎరగడు. చెయ్యి రాలేదు. కెమెరాని అన్నిటికన్నా తక్కువ జాగా పట్టే చిన్న సైజుకి తిప్పి ఒకటి నొక్కాడు.

"కార్డు ఖాళీ అయినాక పెద్దది తీత్తాన్లే," అన్నాడు.

కెమెరా వెనక బుల్లి తెరలో దేవి నిండుగా నవ్వుతోంది. "నేనేనా?" అని మురిసిపోయింది కూడా. ఆ తర్వాత కార్డు ఖాళీ అయ్యేది, ఇంకో పెళ్లితో నిండేది. వానాకాలంలో పచ్చకామెర్లు వచ్చి ఆ మనిషే లేకుండా పోయింది.

ఆ ఫొటోనే గోడకి పెట్టేంత పెద్దది చేయమని బిష్టుపూర్ ల్యాబుకి తీసుకెళ్తే, అక్కడి ఆపరేటర్ తెర మీద చూసి "దాదా, ఫట్ జాయేగా," అన్నాడు. చిరిగిపోతుందట. నిజంగానే చిరిగింది. కళ్లు, ముక్కు, ఆ నవ్వు, అన్నీ గళ్లు గళ్లుగా విడిపోయాయి. అయినా ఫ్రేము కట్టించాడు. మరేం చేస్తాడు?

దేవి తల్లి నూకాలమ్మ పలాస నుంచి వచ్చింది. ఫ్రేము దగ్గరకెళ్లి అద్దం మీద వేళ్లతో తడిమింది.

"మొకం ఏది బాబూ? గళ్లగుడ్డలాగుంది."

"కొంచెం ఎనక్కెళ్లి సూడత్తా. దూరానికి తెలుత్తాది."

నూకాలమ్మ గుమ్మందాకా వెనక్కి నడిచి, శుక్లాలు పట్టిన కళ్లు చికిలించింది. అంత దూరం నుంచి ఆమెకి ఫ్రేమే ఆనలేదు. సూర్యం చిన్న ప్రింటు తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో దేవి చక్కగా ఉంది, కానీ బొటనవేలంతే ఉంది. అదీ ఆమెకి కనబడలేదు.

"పెద్దది తియ్యనేదేటి?"

"ఆ రోజు కార్డులో జాగా నేదత్తా."

"ఏటున్నాయి అందులో?"

అబద్ధం చెబుదామనుకున్నాడు, నోరు రాలేదు. "సేటు కొడుకు పెళ్లివి. ఆడెక్కిన గుర్రానివి."

నూకాలమ్మ కోపం లేకుండానే అడిగింది.

"గుర్రానిదొకటి తీసెయ్యలేపోనావా బాబూ?"

సూర్యం దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సేటు వాళ్లు ఆల్బంలోకి ఆ గుర్రం ఫొటోల్లో ఒక్కటి కూడా ఏరుకోలేదు.