పైకప్పు ఉన్న పార్థినాన్

శనివారం పెళ్ళి. నాలాగే మా అమ్మాయి ట్వైలా కూడా ఏథెన్స్‌లోని పాత గ్రీకు గుడికి నకలుగా మన పార్కులో కట్టిన పార్థినాన్ మెట్ల మీదే చేసుకుంటానని పట్టుబట్టింది. పెళ్ళికొడుకు తల్లి ఎవాంథియా గారు మాత్రం ఏథెన్స్ నుంచి ఒకటే మాట పంపారు: "నకలు గుడి దగ్గర పెళ్ళయితే నేను మెట్టెక్కను." ట్వైలా ముఖం చూడలేకపోయాను.

అందుకే ఆవిడ అమెరికా వచ్చి మా నాష్‌విల్‌లో దిగిన మర్నాడే పార్కుకు తీసుకెళ్ళాను. మా చెల్లెలు అర్లీన్ పిలవకుండానే కారెక్కింది. అది ఒకసారి ఏథెన్స్ చూసొచ్చింది మరి.

"వదినగారూ, మీ గుడి రిపేరు ఇంకా అవలేదా? నేనొచ్చినప్పుడు చుట్టూ ఇనప గొట్టాలే. పైకప్పన్నా వేశారా?"

దాని కాలు తొక్కాను. నాష్‌విల్‌లో పుట్టినవాళ్ళకు ఇందులో తప్పేమీ కనిపించదు. నిండుగా నిలబడ్డదే మాకు గుడి; కూలిందంటే ఎవరో సరిగ్గా చూసుకోలేదనే లెక్క.

ఎవాంథియా గారు స్తంభాన్ని కిందినుంచి పైదాకా చూశారు. "పాలరాయా?"

"కాంక్రీటండీ. చుక్క కారదు," అంది అర్లీన్ గర్వంగా.

లోపల ఏథెనా దేవి ఒళ్ళంతా బంగారు పూతతో కప్పు దాకా నిలబడి ఉంది. ఆవిడ తల వెనక్కి వాల్చి చూశారు.

"పెదాలకు ఆ రంగేమిటి? పాట కచేరీకి బయల్దేరిందా?"

"నాష్‌విల్ అంటేనే పాటల ఊరు. ఇక్కడ ఉండాలంటే పాడాలి కదండీ," అంది అర్లీన్.

ఆవిడ నవ్వలేదు. పెళ్ళి గోవిందా అనుకున్నాను.

బయటికొచ్చి మెట్ల మీద గుడ్ల పళ్ళెం విప్పాను. ఉడికించి, సొనను ఆవముద్దతో మెదిపి మళ్ళీ కూరినవి. ఇక్కడ ఏ ఇబ్బంది వచ్చినా ముందు తీసేది ఆ పళ్ళెమే. ఆవిడ ఒకటి అందుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఈల వేసేవాడు ఎక్కడ?"

"ఈలేమిటండీ?"

"మా దగ్గర రాయి మీద చెయ్యి పడితే చాలు, కాపలావాడు ఈల ఊదుతాడు. బడికెళ్ళే రోజుల్లో ఒకసారి ఆనుకోబోయాను. ఊరంతా వినపడేలా ఊదాడు, దరిద్రుడు. మళ్ళీ ఆ గుడి ఉన్న కొండెక్కలేదు."

"ఇక్కడ ఊదేవాళ్ళు లేరు. ఆనుకోండి."

ఆవిడ చెప్పులు విడిచి, స్తంభం గాడిలో వీపు సర్దుకుని, కాళ్ళు బారజాపి కళ్ళు మూసుకున్నారు. పళ్ళెంలో సగం అలాగే తినేశారు. "వదినా, శనివారం ఈ చోటు ఎవరికీ ఇవ్వకు," అన్నారు.

శనివారం పెళ్ళిలో, అదే స్తంభం దగ్గర కళ్ళు మూసుకు కూర్చున్న ఆవిణ్ణి ఫొటోగ్రాఫర్ పక్కకు జరగమని బతిమాలాడు.

"ఉండనీవయ్యా. ఇన్నాళ్ళకి మన గుడిని ఒక గ్రీకామె మెచ్చింది," అంది అర్లీన్.

ఎవాంథియా గారు ఒక కన్ను తెరిచారు. "మెచ్చలేదు. ఆనుకున్నాను."