కోంబో తాతకు ఏమిష్టం

సముద్రతీరాన ఉన్న టాంగా ఊళ్ళో మ్వాజుమా పొద్దున పూట బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది, మధ్యాహ్నం పూట రేడియో నాటకం రాసేది. భర్త లారీ డ్రైవరు. కొండ మీది ఊళ్ళ నుంచి క్యాబేజీ దింపుకుంటూ వారానికి రెండు రోజులు ఇంటి పట్టున ఉండేవాడు. ఆమెకు కుట్టుపని కూడు పెట్టింది, నాటకం పేరు తెచ్చింది. రోజూ సాయంత్రం నాలుగున్నరకు, అసర్ నమాజు అయి జనం అరుగుల మీద చేరే వేళకు, ఊళ్ళోని చిన్న రేడియో స్టేషనులో ఆమె రాసిన 'పక్కింటి గోడ' వచ్చేది. ఒకే గోడకు అటూ ఇటూ కాపురముండే రెండు కుటుంబాల కథ అది. అందులో అందరికంటే పెద్దవాడు కోంబో తాత. పెళ్ళాం పోయి ఒంటరిగా ఉంటాడు. ఎప్పుడూ గొణుగుతుంటాడు.

ఆ స్టేషనులో నాటకాల బాధ్యత చూసే సౌదా అక్క ఒకరోజు మ్వాజుమాను కూర్చోబెట్టి, నీ మనుషులు మాట్లాడుతున్నారే గానీ బతకడం లేదంది. ఒక తెల్లకాగితం చేతికిచ్చి, ఒక్కొక్కరికీ ఇష్టమైన పుస్తకమేదో, వదలకుండా వినే కార్యక్రమమేదో, ఆడే ఆటేదో రాసుకు రమ్మంది. నాటకంలో అవేవీ రాకపోయినా సరే, రాసే మనిషికి మాత్రం తెలిసుండాలంది. మ్వాజుమా ఆ కాగితాన్ని కుట్టుమిషను మీదే పావుగంటలో నింపేసింది. కోంబో తాత పేరుకెదురుగా పుస్తకం ఏమీ లేదని, కార్యక్రమం ఫుట్‌బాల్ అని, ఆట బావో, అంటే వామనగుంటల్లాంటి గింజలాట, అని రాసింది. ముసలివాళ్ళు ఇంకేమాడతారని ఆమె అనుకోలు.

తరువాతి వారం కోంబో తాత చేత బావో ఆడించింది. పక్కింటాయనతో పందెం కాసిన తాత మొదటి ఎత్తుకే తన 'ఇంట్లో', అంటే పెద్ద గుంటలో, ఉన్న గింజలన్నీ గుప్పిటతో ఎత్తి, బల్ల చుట్టూ పంచి, గెలిచేశాడు. చప్పుడు కోసం స్టేషనులో ఎవరో చెక్క మీద ఎండు బఠాణీలు పోశారు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురు ముసలివాళ్ళు బావో బల్ల చంకనబెట్టుకుని స్టేషను గుమ్మంలో నిలబడ్డారు. ముందు నిలబడ్డ పొడుగాటాయన ఫాకి. నలభై ఏళ్ళు పడవలు చెక్కిన వడ్రంగి. మ్వాజుమాను పిలిపించేదాకా కదలలేదు. ఆమె వచ్చాక బల్లను నేల మీద పెట్టి, వరసకు ఎనిమిదేసి చొప్పున నాలుగు వరసల గుంటలు చూపించాడు.

"మీ కోంబో దొంగాట ఆడాడమ్మా," అన్నాడు. "చేతిలో గింజలుండగా, ఎదటోడి గుంట కొట్టకుండా ఇల్లెత్తి పంచకూడదు. ఊరంతా విన్నారు. ఇవాళ మా అరుగు మీద వాణ్ణి దొంగంటున్నారు."

ఆయన పక్కనున్న పొట్టాయన జుంబే, రేవులో సుంకం గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, ఇంకో ఫిర్యాదు కూడా చేర్చాడు. ఆ చప్పుడు గచ్చకాయలది కాదట, వంటింటి బఠాణీలదట. మ్వాజుమాకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. కథే కదా బాబాయ్ అని సర్దిచెప్పబోయింది. కథయితే మాత్రం ఆ మనిషికి ఆట మీద ప్రేమ ఉందని నువ్వే చెప్పావు కదా, ప్రేమున్నవాడు అలా ఆడడు, అన్నాడు ఫాకి. అయితే నాకు నేర్పమని అడిగింది.

పొద్దున కుట్టుపని కాసేపు ఆపి ఒక ఆడమనిషి మగవాళ్ళ అరుగు మీదికి వచ్చి కూర్చోవడం కొందరికి మింగుడు పడలేదు. చేదుకాఫీ అమ్మే అతను మొదటిరోజు ఆమెకు గిన్నె ఇవ్వాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. ఫాకి మాత్రం పక్కన చాప పరిచి, బల్లను తన మోకాలికీ ఆమె మోకాలికీ మధ్య పెట్టి, బడిపంతుల్లాగా మొదలుపెట్టాడు. తప్పు ఎత్తు వేస్తే చేతి మీద చిన్నగా కొట్టేవాడు. నెల తిరిగేసరికి ఆమె జుంబే మీద ఒకసారి గెలిచింది. జుంబే ఆ పూట కాఫీ తాగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆడుతూ ఆడుతూ ఆమె కోంబో తాత గురించి ఫాకిని అడగడం మొదలుపెట్టింది. ఫుట్‌బాల్ అంటే ఇష్టమని రాశాను, సరిపోతుందా అంది. ఫాకి తల అడ్డంగా ఊపాడు. బావో ఆడేవాడికి ఎవడో గుక్కతిప్పుకోకుండా అరుస్తుంటే చెవులు నొప్పెడతాయట. మరి పుస్తకం? ఐదో తరగతి సైన్సు పుస్తకమన్నాడు.

"అదేంటి బాబాయ్, చిన్నపిల్లల పుస్తకం?"

"అందులో మనిషి ఎముకల బొమ్మ ఉంటుంది. ఆ పక్కటెముకలు చూడు, అచ్చం పడవ వాసాలే. వాడికి అదంటే ఇష్టం. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు."

కోంబో పడవల పనివాడని ఆమె ఎప్పుడూ రాయలేదు. అయినా ఆ మాట విన్నాక, అతను వడ్రంగి కాకపోతే మరేమవుతాడు అనిపించింది.

ఇంకో రోజు, రేడియోలో ఏం వింటాడని అడిగింది. ఫాకి చాలాసేపు గింజలు చేతిలో దొర్లించాడు. పొద్దున పదిన్నరకు ఆడవాళ్ళకు వంటలు చెప్పే కార్యక్రమం ఒకటి వస్తుంది, అది వింటాడన్నాడు. పెళ్ళాం ఉన్నన్నాళ్ళూ వంటింటి గడప తొక్కలేదు, ఇప్పుడు తొక్కాల్సి వచ్చింది, ఆ చెప్పే ఆవిడ గొంతు నిదానంగా ఉంటుంది, అడిగితే మళ్ళీ చెబుతుందేమో అన్నట్టుంటుంది, అన్నాడు. అని, ఆట నీదే, ఎత్తు వెయ్యమన్నాడు.

రోజూ పదిన్నరకు కొంచెం ముందు ఏదో పనుందంటూ ఫాకి అరుగు దిగి వెళ్ళిపోవడం మ్వాజుమా చూస్తూనే ఉంది. ఆయన భార్య మిజే పోయి రెండేళ్ళయిందనీ తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి దాన్ని కాగితం మీద పెట్టింది. పెట్టేటప్పుడు చెయ్యి ఊరుకోలేదు. కోంబో తాత నడుముకు చచ్చిపోయిన పెళ్ళాం చుట్టుకునే రంగుల కాంగా గుడ్డ కట్టింది. రేడియో ఆవిడ ఉప్పు అంటే అతని చేత పంచదార వేయించింది. అన్నం మాడ్పించింది. గోడ అవతలి కోడలు తొంగిచూసి పకపకా నవ్వింది. కోంబో వేషం కట్టే నటుడు దానికి తన దగ్గు కూడా కలిపాడు.

నాటకం పుట్టినప్పటి నుంచి అంత పేరు ఏ రోజూ రాలేదు. స్టేషనులో ఫోను గంటసేపు మోగుతూనే ఉంది. సౌదా అక్క ఆమెను కౌగిలించుకుని, ఇక వారానికొకటి మాడ్పించమంది.

అరుగు మీద మాత్రం మర్నాడు పొద్దున వేరే సంగతి జరిగింది. పదిన్నరకు ఫాకి లేవగానే జుంబే ఎవరి దగ్గరో కాంగా గుడ్డ లాక్కుని ఆయన నడుముకు చుట్టి, కొబ్బరి కోరావా ఫాకీ, అన్నం అడుగంటిందా అన్నాడు. అందరూ నవ్వారు. ఫాకి ఆ గుడ్డ విప్పి, మడతపెట్టి, అరుగు మీద ఉంచి వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు మళ్ళీ కనబడలేదు. నాటకం పనిలో పడి ఆ రోజుల్లో అరుగు వైపు వెళ్ళని మ్వాజుమాకు ఈ సంగతి కాఫీ అమ్మే అతను చెప్పాడు. చెప్పి, ఆ రోజు ఆమెకు కాఫీ పోయలేదు.

ఆమె ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు సగమే తెరిచి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు ఫాకి. కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు.

"మీ పేరు నేనెక్కడా చెప్పలేదు బాబాయ్."

"పేరుదేముందమ్మా. కోంబో నా పేరు కాదుగా. వాడికేమిష్టమని నన్నడిగావు. చెప్పాను. ఇష్టమని చెప్పినదాన్ని తీసుకెళ్ళి నవ్వులాట చేశావు. రెండేళ్ళుగా ఒక్కరోజు మానకుండా వినేవాడు అన్నం మాడుస్తాడా? ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదా వాడికి? ఆటలో తప్పు రాస్తే దిద్దడానికి వచ్చాను. దీనికి ఎక్కడికి రాను?"

తలుపు వేసేశాడు. నెమ్మదిగానే వేశాడు.

ఇంటికొచ్చి మ్వాజుమా పాత కాగితాల కట్ట విప్పింది. చదువుకుంటూ పోయింది. నాటకంలో పంతులుగారికి పాత సినిమాలిష్టం. ఆ సినిమాల కోసం దొడ్డిదారిన హాల్లోకి దూరుతూ పట్టుబడ్డాడు. చేపలమ్మే ఆవిడకు పాటల పుస్తకాలిష్టం. ఆ పుస్తకం చూస్తూ చిల్లర తప్పిచ్చింది. తన మనుషుల్లో ఎవరికి ఏది ప్రాణమో, దాన్నే పట్టుకుని వాళ్ళను కిందపడేసింది తను. జనం నవ్విన ప్రతిసారీ బాగా రాశాననుకుంది. ఆ వారం ఇంటికొచ్చిన భర్త విషయం విని, నన్నెప్పుడైనా రాశావా అని అడిగాడు. లేదంది. బతికానన్నాడు. ఆ మాటకు ఆమె నవ్వలేకపోయింది.

సౌదా అక్కతో మాట్లాడటం అంతకంటే కష్టమైంది. నవ్వించే తాతను ఏడిపించే తాతగా చేస్తానంటే ఒప్పుకోనందామె. ఏడిపించను, వండిస్తానంది మ్వాజుమా. ఒక్క రోజు ఇస్తాను, ఆ రోజు ఫోను మోగకపోతే మళ్ళీ అన్నం మాడాల్సిందే, అంది సౌదా అక్క.

మర్నాడు చేపల బజారులో ఒక చిన్న వంజరం చేప, రెండు కొబ్బరికాయలు, పచ్చి మామిడికాయ కొనుక్కుని మ్వాజుమా మళ్ళీ ఆ గుమ్మం ముందు నిలబడింది. తప్పు రాశాను, సరిగ్గా రాయాలంటే నాకు తెలియాలి, చూపించండి అంది. నేనేం నేర్పను అన్నాడు ఫాకి. అన్నాక చేప వైపు చూశాడు. దాని మొప్ప ఎత్తి లోపలి రంగు చూశాడు.

"ఎవరి దగ్గర కొన్నావ్?"

ఆమె చెప్పింది.

"వాడు నిన్నటిది అంటగడతాడు. ఇది బాగానే ఉందిలే. రా."

వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి, పెరట్లోని బొగ్గుల కుంపటి రాజేశాడు. పదిన్నరకు రేడియో పెట్టాడు. ఆ రోజు రేడియో ఆవిడ చెప్పింది చిక్కుళ్ళ వంట, చేపది కాదు. అయినా ఆయన ప్రతి మాటకూ ఊఁ కొట్టాడు. మధ్యలో ఒకచోట, అంత అల్లం వద్దు తల్లీ అని ఆ రేడియో గొంతుతో వాదనకు కూడా దిగాడు. చేతులు మాత్రం చేప పని చేస్తూనే ఉన్నాయి. కొబ్బరి పాలు రెండుసార్లు పిండాలనీ, పలచటి పాలలో చేప ఉడకాలనీ, చిక్కటివి దించేముందు పోసి గరిటె ఆపకుండా తిప్పాలనీ చూపించాడు. ఆపితే పాలు విరిగిపోతాయట. మొదటి ఆర్నెల్లూ రోజూ విరిగాయని ఆయనే చెప్పాడు. చెబుతూ నవ్వాడు. మ్వాజుమా నవ్వలేదు. ఆయన రెండు పళ్ళేలు పెట్టి, మిజే చేతి పులుపు తనకింకా రాలేదన్నాడు. ఆమె తిని, ఇంకొంచెం అన్నం అడిగింది.

ఆ తరువాత వచ్చిన నాటకంలో పావుగంటా కోంబో తాత ఒక్కడే. కొబ్బరి కోరే చప్పుడు, నూనె చిటపట, రేడియోలో ఒక ఆడగొంతు, దానికి ఆయన జవాబులు. నటుడు దగ్గకుండా చూడటానికి మ్వాజుమా దగ్గరే కూర్చుంది. చివర పళ్ళెం చప్పుడు వినిపించింది. ఒక ముద్ద తినేంతసేపు నిశ్శబ్దం. తరువాత కోంబో తాత, ఉప్పు సరిపోయిందని తనలో తను అనుకున్నాడు. అంతటితో అయిపోయింది.

ఫోను మోగలేదు. సౌదా అక్క గడియారం చూసింది, మ్వాజుమా వైపు చూసింది. మర్నాడు కూడా మోగలేదు. మూడోరోజు పొద్దున స్టేషను గేటు దగ్గరకు ఒక మనిషి సైకిలు మీద వచ్చి, ఆ వంటల కార్యక్రమం ఏ స్టేషనులో వస్తుందని కాపలావాణ్ణి అడిగి, చేతి మీద రాసుకుని వెళ్ళాడు. వారం లోపల అలాంటివాళ్ళు పదకొండుమంది వచ్చారు, అందరూ మగవాళ్ళే, అందరూ గొంతు తగ్గించి అడిగినవాళ్ళే. సౌదా అక్క అన్నం మాడ్చే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఫాకి అరుగు మీదికి తిరిగొచ్చాడు. పదిన్నరకు లేచినప్పుడు ఎవరూ నవ్వలేదు. జుంబే బావో గుంటల్లోకి చూస్తూ కూర్చున్నాడు.

రెండు వారాల తరువాత ఒక శుక్రవారం, కుట్టిన యూనిఫారాలు ఇచ్చి వస్తూ మ్వాజుమా ఫాకి ఇంటి మీదుగా వెళ్ళింది. వీధి తలుపు తెరిచే ఉంది. పెరట్లో కొబ్బరి కోరే పీట మీద, దాన్ని ఆ ఊళ్ళో మేక అంటారు, జుంబే రెండు కాళ్ళూ అటూ ఇటూ వేసి కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆమెను చూసి మొహం తిప్పుకోబోయి, తిప్పుకోలేకపోయాడు.

"మా ఆవిడ కాళ్ళు వాచిపోయాయి," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "మూడు నెల్లయింది కుంపటి ముందు కూర్చోలేక. కొట్లో బన్నులు తిని బతుకుతున్నాం. అది పైకి చెప్పదు. నేనూ చెప్పలేదు."

ఫాకి కుంపటి దగ్గర నుంచి తల తిప్పకుండా, మాటలాపి కోరమన్నాడు. ముప్పయ్యొక్క ఏళ్ళు సర్కారు కొలువు చేసి చివరికి మేకనెక్కాల్సి వచ్చిందని జుంబే గొణిగాడు.

"అంత గట్టిగా నొక్కకు," అన్నాడు ఫాకి. "పెంకు కూడా వస్తుంది. తిప్పు, కాయని తిప్పు."

జుంబే కాయను తిప్పాడు. మ్వాజుమా బట్టల మూట గుమ్మంలో దింపి, పలచటి పాలు పిండటానికి గిన్నె అందుకుంది. ఆ రోజు వండింది మూడిళ్ళకు సరిపోయింది. జుంబే తన వాటా మూతపెట్టిన గిన్నెలో పట్టుకుని, వీధిలో ఎవరు పలకరించినా ఆగకుండా, వేడి చల్లారకముందే ఇంటికి చేర్చాడు.