నడుముకు కట్టిన తాడు

తుపాకీ వద్దు మామా అని మాధవి చెప్పడం ఇప్పటికి మూడోసారి, అయినా ఎవరు వింటారు, ఆత్మకూరు బస్టాండు వెనక ఈ ఫ్లెక్సీల కొట్టులో కూర్చుని గంట దాటింది, గోపాలయ్య మామ కంప్యూటరుకు ముక్కు ఆనించి తమ్ముడు పెంచల్ తలను ఎవరిదో తెల్ల యూనిఫాం మీద అతికించమంటున్నాడు, వెనకాల యుద్ధనౌక, దాని మీద జెండా, పెంచల్ నేవీలో ఎప్పుడున్నాడని, సరుకు ఓడలో తుప్పు గీకి రంగు వేసే పని వాడిది, ఎవరికి ఎవరి మీద కోపమో, ఎర్రసముద్రంలో దారిన పోతున్న ఆ ఓడకు క్షిపణి తగిలింది, నీళ్లలో పడడం చూశామన్నారు తోటివాళ్లు, తేలడం ఎవరూ చూడలేదు, ఎల్లుండికి రెండేళ్లు, ఉంటే ఇరవై నాలుగు వచ్చేవి, రంగు డబ్బా పట్టుకుని నవ్వుతున్న ఫోటో వేద్దామని మాధవి అంటే, ఏందిమే, పెయింటరని రాయమంటావా, పెద్దోళ్లు వస్తుండారు ఊళ్లోకి అన్నాడు మామ, వచ్చి ఏం చేస్తారు, టీ తాగి పోతారు.

అక్కా, వర్ధంతి అని పెట్టేదా అని అడిగాడు కొట్టు సురేంద్రబాబు, మామ పెట్టమన్నాడు, సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను, ఉదయగిరి అవతల నుంచి అరిచినట్టే మాట్లాడుతుంది పోలేరమ్మ, పాపా, దండ వెయ్యబాకండి, ఆ పాడు మాట రాయబాకండి, చెరువులో పెరిగినోడు, వాడికి ఈత రాదా ఏంది, ఏదో ఒక గడ్డకు చేరుంటాడు, భాష తెలీక ఉండిపోయుంటాడు, అనగానే మాధవికి ఒళ్లు మండింది, ఈత, ఈత, రెండేళ్లుగా ఇదే మాట, వింజమూరు బస్సులో పక్కన కూర్చున్న మనిషి కూడా చేపలోళ్ల బిడ్డకు నీళ్లంటే లెక్కా అంటుంది, అమ్మ అయితే వాడి లారీ ట్యూబును నెలకోసారి పంక్చరు కొట్టుకు పంపి గాలి కొట్టిస్తుంది, వాడు వచ్చేసరికి తయారుగా ఉండాలట, దాన్ని భుజాన వేసుకుని పోయేది ఎవరు, తనే, మళ్లీనా తల్లీ అని పంక్చరాయన నవ్వితే పడేది తనే, ఆ ట్యూబు మీదే కూర్చుని చేత్తో నీళ్లు తోసుకుంటూ చెరువు మధ్యకు పోయి వల విడిచేవాడు పెంచల్, నడుముకు తాడు, రెండో కొస గట్టు మీద మాధవి చేతిలో, ఊరంతా వాడు ట్యూబు మీద తేలడం చూసింది, తాడు ఎందుకని ఎవరూ అడగలేదు, ఒకరోజు ట్యూబు తిరగబడింది, అరచేతులు కోసుకుపోయేలా లాగితే గట్టున పడి నీళ్లు కక్కి, అక్కా, అమ్మకు చెప్పబాక, మనోళ్లలో ఈత రానోడు ఉండాడంటే నవ్వుతారు అన్నాడు, చెప్పలేదు, ఓడ పనికి పోయేటప్పుడు, ఈత రాకుండా ఎట్టరా అని కూడా అడిగింది, జాకెట్ వేస్తే తేలతామే, ఈతెందుకు అన్నాడు, ఆఖరి ఫోనులో మాత్రం ఉక్కకు జాకెట్లు తీసేసి పని చేస్తుండాం అక్కా అన్నాడు, అప్పుడూ అమ్మకు చెప్పలేదు.

అక్కా, ఏం పెట్టమంటావు అని సురేంద్రబాబు, తుపాకీ కొంచెం పైకి జరుపు అని మామ, చెవిలో అమ్మ, ఇంకా చెబుతూనే ఉంది, రేపు ఆ ట్యూబు తీసుకుపో పాపా, గాలి తగ్గినట్టుండాది, చాల్లే అమ్మా అని కసురుదామని నోరు తెరిచిన మాధవి ఆగిపోయింది, ఎవరి మీద ఈ విసుగు, వాడికి ఈత రాదని మామకు తెలియదు, ఊరికి తెలియదు, అమ్మకు తెలియదు, తెలిసింది ఒక్క తనకే, తెలిసి రెండేళ్లుగా ట్యూబు మోస్తోంది, అరచేయి ఫోను చుట్టూ బిగుసుకుంది, ఆనాడు తాడు పట్టుకున్నట్టే, తమ్ముడు ఎప్పుడో జారిపోయాడు, రెండో కొసన నీళ్లలో ఉన్నది ఇప్పుడు అమ్మ, లాగాల్సింది తనే, ఎంత కోసుకుపోయినా.