సీఐడీ స్టూలు

కోర్టు వరండా పొడుగునా నడుస్తున్నాను, కానీ కాళ్ళ కింద ఉన్నది మా ఇంటి ఎర్రచారల జంపఖానా, ఎంత నడిచినా దాని అంచు రావడం లేదు, గోడలకు ఆనుకుని జనం బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు, వాళ్ళ ముఖాలు మాత్రం వానకు తడిసిన కాగితం మీద అచ్చులా అలుక్కుపోయి ఉన్నాయి. ఎక్కడో టక్, టక్ మని చప్పుడు. లాఠీ కొసతో తలుపు తడితే అలాగే ఉంటుంది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

వరండా చివర మా ఆయన ఉన్నారు. ఆయన చనిపోయారని నాకు తెలుసు, ఆయనకూ తెలిసే ఉంటుంది, ఆ మాట ఇద్దరమూ ఎత్తం. నల్లకోటు చంకలో పెట్టుకుని, వంగి జంపఖానా ముడతలు సరిచేస్తున్నారు. ఊరంతా ఆయన్ను వకీలు సాబ్ అనేది, వినీ వినీ నేనూ అలాగే పిలిచేదాన్ని. బతికినంత కాలం పౌరహక్కుల సంఘాన్ని మోసిన మనిషి. కోర్టుకు పోయిన రోజుల కంటే జైలుకు పోయిన రోజులే ఎక్కువని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు.

"స్టూలు ఏదే, అనసూయా?" అంటారు తల ఎత్తకుండా.

స్టూలంటే సీఐడీ స్టూలు. సంఘం మీటింగు ఎక్కడ పెట్టినా మఫ్టీలో ఒక పోలీసాయన వచ్చి, వెనక గోడకు నిలబడి, ఎవరేం మాట్లాడారో చాటుగా రాసుకునేవాడు. వకీలు సాబ్ అతన్ని పిలిచి అందరికంటే ముందు స్టూలేసి కూర్చోబెట్టేవారు. "మంచిగ వినపడకపోతే తప్పు రాస్తవు తమ్మీ. జైలుకు పోతే మా మాటకు పోతం గానీ నీ తప్పుకు పోవుడెందుకు?" అనేవారు. మొదటి టీ కూడా నా చేత అతనికే ఇప్పించేవారు. జనమంతా కింద, అతనొక్కడే పైన.

"మీటింగు లేదు. స్టూలెందుకు?" అంటాను.

"లేదా? మరి వీళ్ళంతా ఎందుకొచ్చిండ్రు?"

టక్, టక్. చప్పుడు దగ్గరపడుతోంది. "ఎవరో వస్తున్నరు, మీరు లోపటికి పోండ్రి" అని ఆయన చెయ్యి పట్టి లాగుతాను. లోపలికి అనుకుని వెళ్ళిన చోటు బస్టాండు, ఆయన ఆఖరిసారి కూర్చున్న సిమెంటు బెంచీ అక్కడే ఉంది. ఒక ఊళ్ళో లాకప్ చావు సంగతి విచారించి తిరిగి వస్తూ, ఆ బెంచీ మీదే కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఎదురుగా టికెట్ల కిటికీ, దాని ఊచల వెనక ఒక మనిషి, ఊచలు పట్టుకున్న వేళ్ళ నిండా సిరా.

"కేదారి కద. ఎప్పుడు పట్టుకపోయిండ్రు?" అంటారు వకీలు సాబ్.

కేదారి మా ఊళ్ళో వారపత్రిక నడుపుతాడు. ఏళ్ళ తరబడి వకీలు సాబ్‌ను తిట్టడమే అతని వ్యాపారం. ఆయన చనిపోయిన వారం 'పీడ విరగడైంది' అని పెద్దక్షరాల్లో వేశాడు. బడి గడప తొక్కని నేను సంఘం కరపత్రాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను, ఈ అక్షరాలు చదవడానికేనా అని ఆ రోజు ఏడ్చాను. మొన్న ఆ కేదారినే, కంకర క్వారీల మీద రాశాడని జైల్లో వేశారు. నిరసన సభ పెడదామంటే ఊళ్ళో ఎవరూ హాలు ఇవ్వరట. సంఘంలో ఇప్పుడు తిరిగే లాయరమ్మ సుజన పొద్దున వచ్చి, "అమ్మా, మీ వరండా ఇస్తరా" అని అడిగింది. సాయంత్రం చెప్తానన్నాను. ఇవ్వను అనే మాట నా గొంతులో తయారుగా ఉంది.

"వాడు మిమ్మల్ని పీడ అన్నడు" అంటాను.

"చదివిన. అచ్చుతప్పులు మస్తున్నయి."

"నవ్వకుండ్రి. నాకు కడుపుల మండుతది."

"మండనియ్. అది అబద్ధమని లేచి చెప్పు, వాని మీటింగులనే చెప్పు. వాని నోరు కుట్టినంక ఎవనికి చెప్తవు?"

"నాకు మాట్లాడరాదు."

"టీ పోసుడొస్తది కద. ముందుగాల గా పని చెయ్."

టక్, టక్, టక్. బెంచీ అదురుతోంది, నా మోకాళ్ళూ అదురుతున్నాయి. "మల్ల ఇంటి మీదికొస్తరు. అప్పుడు మీరున్నరు. ఇప్పుడు నన్నిడిపించే వకీలెవరు?" అంటాను.

ఆయన మొదటిసారి నా ముఖంలోకి చూస్తారు. "భయమైతున్నదా?"

"ఎప్పుడూ అయ్యేది. మీరు అడగలె."

"నాకూ అయ్యేది. నువ్వూ అడగలె."

ఆయన ముఖం కూడా అంచుల దగ్గర అలుక్కుపోవడం మొదలవుతుంది. బస్సు వచ్చి ఆగుతుంది, ఒకసారి చూస్తే బస్సు, ఒకసారి చూస్తే పోలీసు జీపు. ఆయన కోటు తొడుక్కుంటారు. గడప దాటేటప్పుడు మా వైపు ఎవరూ పోతున్న అనరు, పోయొస్త అంటారు. ఈయన మాత్రం జీపు ఎక్కిన ప్రతిసారీ పోతున్న అనే అన్నారు. "వచ్చుడు నా చేతుల లేదు, లేని మాట ఎట్లియ్యాలె" అనేవారు. అంత నిజం ఎవరడిగారు.

"పోయొస్త అనుండ్రి. ఒక్కసారి" అని కోటు చెరగు పట్టుకుంటాను.

"ఎక్కడికని రావాలె? తలుపు పెట్టుకుంటివి, స్టూలు దాచుకుంటివి."

"దాచలె. నా తాననే ఉన్నది" అంటాను, ఎక్కడుందో మాత్రం గుర్తు రాదు. చప్పుడు ఇప్పుడు నా ఎముకల్లోనే మోగుతోంది. ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి వెనక్కి తిరుగుతారు, పెదవులు విచ్చుకుంటాయి, "పో..." అంటారు.

మెలకువ వచ్చింది.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి ఒళ్ళో పడుతోంది. పడక్కుర్చీలోనే నిద్రపోయాను. వాచిన కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోమని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఏది దొరికితే అది వేసుకుంటున్నాను, ఇప్పుడు వాటి కింద ఉన్నది ఆ స్టూలే. దానికి ఒక కోడు పొట్టి. నా కాళ్ళు వణికినప్పుడల్లా అది బండల మీద టక్, టక్ మని కొట్టుకుంటోంది.

గేటు గొళ్ళెం చప్పుడైంది. నడివయసు మనిషి, పైన మామూలు చొక్కా, కాళ్ళకు పోలీసు బూట్లు.

"అమ్మా, పొద్దున లాయరమ్మ వచ్చిపోయిందట. కేదారి సారు మీటింగు ఈడనేనా?"

గొంతులో తయారుగా ఉన్న మాట కోసం చూశాను. కాళ్ళు కిందికి దించాను, స్టూలు పట్టుకుని గోడ ఆసరాతో వరండాలోకి నడిచాను, ఎప్పుడూ వేసే చోటే, ముందర వేశాను. అది ఒక పక్కకు ఒరిగింది.

"ఈడనే" అన్నాను. "పొద్దుగూకంగ రా బిడ్డా, ముందు కూసోని మంచిగ విను. కోడు కింద పెంకు ముక్క పెట్టి ఉంచుత, అప్పటికి కదలదు."