తోక చూడని బండి

తంగేడుమిట్ట స్టేషన్‌కి ఇవాళ మధ్యాహ్నం ప్యాసింజరు గొంతు ఒక్కటే వస్తుంది. బండి రాదు.

గొంతు వేళకే వస్తుంది, దాన్ని అనడానికేం లేదు. ఒకటో ప్లాట్‌ఫారం పక్కన ఆగి, బ్రేకులు పడ్డ చప్పుడు కూడా తానే చేసి, "తంగేడుమిట్ట చేరినాము" అంటుంది. అది డ్రైవరు కుళ్లాయప్ప గొంతు. స్టేషన్ మాస్టర్ రంగనాయకి ఆ గొంతుని ఎంత గోలలోనైనా గుర్తుపడుతుంది. కుళ్లాయప్ప ఆమె మొగుడు.

పట్టాల మీద ఒక మేక ఉంది. అది గొంతులోంచి ఇటు వచ్చి, మళ్లీ గొంతులోంచే అటు పోతోంది. రంగనాయకి మేకను చూస్తూనే రేడియో నొక్కి, "తంగేడుమిట్ట చేరినారు" అని బదులిస్తుంది. రేడియోలో ఒకరు చెప్పిన మాటని విన్నవాళ్లు తిరిగి చెప్పాలి, అది పద్ధతి. ఇన్నేళ్ల అలవాటు కదా, కళ్లు అడ్డుపడేలోపే నోరు పని కానిచ్చేస్తుంది. ఆమె ఎదురుగా ఉన్న తెర మీద ఎర్రగీత తెల్లబడుతుంది. బండి వచ్చేసిందనీ, వెనక స్టేషన్ దాకా దారి ఖాళీ అనీ దానికి అర్థం.

ఈ పీడ అంతా రెంటినీ కలిపినప్పుడు పట్టుకుంది. అంతకుముందు రేడియో మాట్లాడేది, సిగ్నల్ చూపించేది. మాటల్లేని తోడికోడళ్లలా ఒకదాని జోలికి ఇంకోటి పోకుండా బతికేవి. పైనుంచి పెద్దమనుషులు వచ్చి, తీగలు లాగి, రెంటికీ పెళ్లి చేసి, మిఠాయి పంచి వెళ్లిపోయారు. ఇప్పుడు సిగ్నల్ గొంతులు వింటుంది. విన్నదాన్ని నమ్ముతుంది. అంతకన్నా దానికి ఏమీ అక్కర్లేదు.

పూర్వం బండి వస్తే స్టేషన్ మాస్టర్ బయటికి వచ్చి నిలబడాలి. చివరి పెట్టె వెనక తగిలించిన పలకను కళ్లారా చూడాలి. అది కనిపిస్తేనే బండి మొత్తంగా వచ్చినట్టు. తోక చూడటం అనేవాళ్లు దాన్ని. ఆ తర్వాత డ్రైవరూ స్టేషన్ మాస్టరూ ఒకరికొకరు పచ్చజెండా చూపించుకోవాలి, అంతా బాగుందని. కలిపేశాక తోకలు చూడనక్కర్లేదనీ, జెండాలు అక్కర్లేదనీ, గొంతు చాలనీ ఆర్డరు వచ్చింది.

రంగనాయకికీ కుళ్లాయప్పకీ మధ్య మిగిలిన కాపురం ఆ జెండాలే. ఆమె డ్యూటీ దిగేసరికి ఆయన ఇంకా బండి మీదే ఉంటాడు. ఇంట్లో ఒకరు తింటుంటే ఇంకొకరు నిద్రపోతుంటారు. ఇద్దరూ మేలుకుని ఉన్న రోజున మాటలు వెతుక్కుని, దొరక్క, పోట్లాడుకుంటారు. కానీ ఆయన ఇంజను కిటికీలోంచి చెయ్యి చాపి పచ్చజెండా చూపిస్తే, ఆ పూట ఆమెకి అన్నం దిగేది. నిన్న ఆర్డరు వచ్చాక కూడా ఆయన జెండా చాపాడు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా చాపే ఉంచాడు. ఆమె మాత్రం చేతులు కట్టుకుని, ఆర్డరు ఆర్డరే కదా అనుకుంటూ నిలబడింది. ఛీ, మనిషికి ఎంత సులువుగా వంక దొరుకుతుందో!

దార్లు మార్చే మద్దిలేటి చెవి మీద బీడీ పెట్టుకుని లోపలికి వస్తాడు.

"మేడం, బండి యాడ?"

"వచ్చింది గదా."

"గొంతు వచ్చినాది. నేను బండిని అడుగుతాండా."

ప్లాట్‌ఫారం మీద ప్రయాణికుల గొంతులు దిగుతున్నాయి. ఒక ముసలామె గొంతు ఆటోవాడితో బేరమాడుతుంది. ఆటోవాడు రేటు తగ్గించి, ఖాళీ సీట్లో గొంతుని ఎక్కించుకుని ఊళ్లోకి పోతాడు. రంగనాయకి పరుగున బయటికి వచ్చి మొగుడి గొంతు దగ్గర నిలబడుతుంది.

"ఏమయ్యా, బండి యాడ పెట్టినావు?"

"నా ఎనకాలే వస్తాండాది అనుకుంటి."

"తిరిగి చూడల్యా?"

"గొంతుకు కండ్లు యాడుంటాయే?" అంటుంది గొంతు. నిజమే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఆమె కంట్రోలర్‌కి ఫోన్ చేస్తుంది. దూరంగా పెద్ద ఊళ్లో కూర్చుని బండ్లన్నిటినీ నడిపించే మనిషి ఆయన.

"సార్, ప్యాసింజరు రాలేదు."

"వచ్చిందమ్మా. మీరే చెప్పారు. మీ గొంతు నా దగ్గరుంది, వినిపించమంటారా?"

వినిపిస్తాడు. తంగేడుమిట్ట చేరినారు. ఎంత స్పష్టంగా చెప్పిందో మహాతల్లి!

"నేను తోక చూడలేదు సార్."

"ఇప్పుడు తోకలు లేవు కదమ్మా."

"అయితే ఒక ఇంజనన్నా పంపించండి, వెతకడానికి."

"రాని బండైతే పంపిస్తాను. వచ్చిన బండిని వెతకడానికి ఎలా పంపేది? మీరే చెప్పండి."

"అది రాలేదనే చెప్తున్నాను!"

"రాని బండికి గొంతు రాదమ్మా," అంటాడాయన ఓపికగా. "సరే, దారి ఖాళీగా ఉంది. వెనక బొగ్గు గూడ్సు ఉంది, దాన్ని వదలాలి. నేను అడిగినప్పుడు మీరు దారివ్వండి."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆమెకి ఒంట్లో బాగోనప్పుడు ఆయనే పట్టుబట్టి సెలవు ఇప్పించాడు. అందుకే కడుపు ఇంకా మండుతుంది. చెడ్డవాడైతే తిట్టి పోయేది.

వదిలితే గూడ్సు ఖాళీ దారి అనుకుని వేగంగా వస్తుంది. ఆ దారిలో ఎక్కడో కుళ్లాయప్ప, ఆయన వెనక పెట్టెల్లో జనం, గొంతులు లేకుండా నిలబడి ఉన్నారు. రంగనాయకి సిగ్నల్ స్తంభం దగ్గరికి పోయి, "ఎరుపు! ఎరుపు చూపించు!" అని అరుస్తుంది. సిగ్నల్ ఒంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, మర్యాదగా మొత్తం వింటుంది. విన్నాక పచ్చగానే ఉంటుంది. దారి ఖాళీ అని చెప్పిన గొంతూ, ఇప్పుడు అరుస్తున్న గొంతూ ఒకటే. ముందు చెప్పినదాన్ని అది నమ్మేసింది.

"నేనే పోతాను," అంటుంది రంగనాయకి. "ఎదురు పోయి నిలబడతాను."

"స్టేషన్ ఇడిసిపెట్టి పోతే ఎట్ల మేడం?" మద్దిలేటి తల గోక్కుంటాడు. "గొంతన్నా పెట్టిపోండి. నియ్యమం గదా."

నియమమే. ఆమె ముక్కుపుడక తీసినట్టు గొంతు తీసి, బల్ల మీద మైకు పక్కన పెడుతుంది. గొంతు కాస్త సర్దుకుని, "తంగేడుమిట్ట" అని పరిచయం చేసుకుంటుంది. ఆమె నడుముకి రేడియో తగిలించుకుని బయల్దేరుతుంది. గుమ్మం దాటుతుండగానే వెనక నుంచి కుళ్లాయప్ప గొంతు లోపలికి వచ్చి, "టీ తాగుదామా?" అని ఆమె గొంతుని అడుగుతుంది. రెండు గొంతులూ నవ్వుకుంటాయి.

పట్టాల వెంబడి నడుస్తుంటే దారి సాగుతుంది. ఆమె పట్టాల కింది దిమ్మె ఒకటి దాటితే ముందు ఇంకో దిమ్మె పుడుతుంది. అటూ ఇటూ వేరుశనగ చేలు, నల్లబండలు, కంపచెట్లు. చేలో కలుపు తీసే ఆడవాళ్లు లేచి, నడుముల మీద చేతులు పెట్టుకుని, ఆమె కింద పట్టాలు పెరగడాన్ని చూసి మళ్లీ ఒంగుతారు. కిలోమీటరు రాయి ఒకటి ఆమెతో పాటే నడుస్తూ, తన అంకె కనబడకుండా మొహం పక్కకి తిప్పుకుంటోంది.

నడుముకున్న రేడియోలో స్టేషన్ వినిపిస్తూనే ఉంది.

"నిన్న జెండా ఎందుకు చూపియ్యల్యా?" కుళ్లాయప్ప గొంతు అడుగుతుంది.

"తప్పయిపాయ," అంటుంది రంగనాయకి గొంతు. "నిన్ను చూసినాక చెయ్యి లేపాలనే ఉన్నింది. లేపల్యా. రాత్రంతా అదే యోచన."

రంగనాయకి పట్టాల మధ్య ఆగిపోతుంది. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషితో ఆమె ఒక్కసారి కూడా తప్పయిపోయిందని అనలేదు. నాలుక చివరిదాకా వచ్చినా మింగేసేది. ఇప్పుడు ఆ మాటని ఆమె గొంతు ఆయన గొంతుకి, టీ తాగుతూ, ఊరికే ఇచ్చేసింది. ఆమెకి ఏడుపు వస్తుంది. ఏడుపుకి చప్పుడు లేదు.

కొండను కోసి దారి వేసిన చోట, గట్ల మధ్య, బండి నిలబడి ఉంది. చేరిపోయిన బండి ఇంకెక్కడికి కదులుతుంది? పెట్టెల నిండా జనం. అందరి నోళ్లూ కదులుతున్నాయి. ఒక తల్లి బిడ్డను చప్పుడు లేకుండా తిడుతోంది, బిడ్డ చప్పుడు లేకుండా ఎక్కువ ఏడుస్తోంది. ఇంజనులో కుళ్లాయప్ప హారన్ మీద చెయ్యి పెట్టి నొక్కుతూనే ఉన్నాడు. పైన కూర్చున్న కాకి కూడా ఎగరడం లేదు.

ఆమెని చూసి ఆయన నోరు తెరుస్తాడు. ఆమె కూడా తెరుస్తుంది. ఏమీ రాదు. ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి పచ్చజెండా చూపిస్తాడు. ఆమె చేతిలో జెండా లేదు. గట్టు మీద కానుగచెట్టు మండ ఒకటి విరిచి, ఆ పచ్చని ఆకుల్నే గట్టిగా ఊపుతుంది. అంతా బాగుంది అని దానికి అర్థం. ఏడ్చినట్టుంది, ఏదీ బాగాలేదు. అయినా ఆయన మొహం విచ్చుకుంటుంది, ఆమె ప్రాణం కుదుటపడుతుంది.

అప్పుడు రేడియోలో కంట్రోలర్ అడుగుతాడు. "తంగేడుమిట్టా, గూడ్సుకి దారిస్తారా?"

"ఇస్తున్నాను," అంటుంది ఆమె గొంతు. "దారి ఖాళీ."

అంత హాయిగా అంటుంది! పక్కన మొగుడు ఉన్న ఆడదాని గొంతు అది. దారిలో ఎవరున్నారో దానికేం పట్టింది? ఎన్నడూ లేంది ఇవాళ సుఖంగా ఉంది. రంగనాయకి తన గొంతునే బండబూతులు తిట్టాలనుకుంటుంది. తిట్టడానికి కూడా అదే కావాలి.

ఆమె మండ పారేసి, తోక వైపు పరిగెడుతుంది. ఒక పెట్టె దాటితే ఇంకో పెట్టె వచ్చి చేరుతుంది. కిటికీల్లోంచి జనం మంచినీళ్ల సీసాలు అందిస్తారు. ఒక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని, తన గొంతు ఆటో ఎక్కి ఎటు పోయిందో చూశావా అని సైగలతో అడుగుతుంది. రంగనాయకి ఊరి వైపు చూపించి, చెయ్యి విడిపించుకుని పరిగెడుతుంది.

చివరికి చివరి పెట్టె. దాని వెనక పలక లేదు. పలక తగిలించే కొక్కెం మాత్రం ఉంది, ఖాళీగా ఊగుతూ. ఆ కొక్కెం కింద ఆమె నిలబడుతుంది. మలుపు తిరిగి బొగ్గు గూడ్సు వస్తోంది. దానికీ చప్పుడు లేదు, దాని చప్పుడు ఎప్పుడో ముందే తంగేడుమిట్ట చేరిపోయింది. నేల మాత్రం అదురుతోంది.

ఆమె చేతులు రెండూ పైకెత్తి, ఉన్న బలమంతా కూడదీసుకుని, అరవడానికి నోరు తెరుస్తుంది.

నోట్లోంచి ఎర్రటి వెలుగు వస్తుంది.

పట్టాలు ఎర్రబడతాయి, గట్లు ఎర్రబడతాయి, గూడ్సు మొహం ఎర్రబడుతుంది. దాని డ్రైవరుకి గొంతు లేకపోయినా కళ్లు ఉన్నాయి. చక్రాలు నిప్పులు రాల్చుకుంటూ వచ్చి, ఇంజను సెగ ఆమె చెమటని ఆరబెట్టేంత దగ్గరలో గూడ్సు ఆగుతుంది. డ్రైవరు ఆమెకి దణ్ణం పెట్టి, తన సీట్లో కూర్చుంటాడు.

ఆమె దమ్ము తీసుకోవడానికి నోరు మూయబోతుంది. గూడ్సు చక్రాలు కదులుతాయి. గబుక్కున తెరుస్తుంది. ఆగుతాయి. ఇంకోసారి, కొంచెం మూసి చూస్తుంది. కొంచెం కదులుతాయి. అయితే ఇంతే. ఎవరో వచ్చేదాకా నోరు ఇలాగే ఉండాలి. బండి వచ్చేసిందని తెలిసినవాళ్లు ఎవరొస్తారు, ఎందుకొస్తారు?

కుళ్లాయప్ప పెట్టెల పక్కనుంచి నడుచుకుంటూ వచ్చి ఆమె ఎదురుగా నిలబడతాడు. ఇంత దగ్గరగా, ఇద్దరూ మేలుకుని, పోట్లాట లేకుండా నిలబడి ఎన్నాళ్లయిందో. ఆమెకి ఆయనతో తప్పయిపోయిందన్న ఆ మాట తానే అనాలని ఉంది. ఆ గొంతు అన్నది లెక్కలోకి రాదని, అనాల్సింది నేనని చెప్పాలని ఉంది. మాట రాకపోయినా పెదవులతోనైనా అనొచ్చు. కానీ పెదవులు కదిపితే గూడ్సు కదులుతుంది.

ఆమె దవడ వణకడం మొదలవుతుంది. ఆయన చూస్తాడు. గ్రీజు వాసన కొట్టే అరచెయ్యి ఆమె గడ్డం కింద పెట్టి, పడిపోకుండా పట్టుకుంటాడు.

రేడియోలో గొంతులు ఇల్లు చేరాయి. తాళం తీసిన చప్పుడు, కంచాలు పెట్టిన చప్పుడు. కుళ్లాయప్ప గొంతు వేరుశనగ చట్నీ బాగుందంటుంది. ఆమె గొంతు ఇంకాస్త వేస్తానంటుంది.

"ఇంగ ఎవురన్నా రావాల్నా?" అంటుంది ఆమె గొంతు.

"ఎవురున్నారు? అందరమూ వచ్చేసినాము."

"అయితే తలుపేస్తాండా."

"తలుపేస్తాండావు," అని ఆయన గొంతు పద్ధతి ప్రకారం తిరిగి చెబుతుంది.

గడియ పడుతుంది. గట్ల మధ్య గాలి లేస్తుంది. రంగనాయకి నోట్లో ఎర్రవెలుగు రెపరెపలాడుతుంది. కుళ్లాయప్ప ఒక చెయ్యి ఆమె గడ్డం కింద అలాగే ఉంచి, రెండో చేత్తో పచ్చజెండా విప్పి, వెలుగు ఆరిపోకుండా గాలికి అడ్డం పెడతాడు.