ఐదు మీటర్ల ఒక సెంటీమీటరు

సోమవారం పొద్దున్న వదిన ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ మాట్లాడుతుంటే అవతలివాళ్లకు ఊపిరి తీసుకునే సందు కూడా దొరకదు. ఆ రోజు మాత్రం నాలుగే ముక్కలు చెప్పింది. ఆసుపత్రిలో మాట రాకుండా పడి ఉన్న అన్నయ్య ఇక చాలని పలక మీద రాసి చూపించాడట. శుక్రవారం పొద్దున్న పదింటికి ప్రాణం నిలుపుతున్న గొట్టాలు తీసేస్తామని డాక్టర్లు అన్నారట. "ఈలోపు వస్తావుగా?" అని అడిగింది.

"వస్తాను వదినా" అని ఫోన్ పెట్టేసి, సగంలో ఆపిన ప్యాంటు గుడ్డను టేపు మాస్టారు మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టాడు. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. గుడ్డ మాత్రం గీత తప్పకుండా తెగింది.

ఆయన అసలు పేరు వీధిలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు. మెడలో టేపు లేకుండా ఆయన్ను చూసిన మనిషి భార్య ఒక్కతే, అదీ స్నానానికి వెళ్లేటప్పుడు. కుట్టుపని నేర్పింది అన్నయ్యే. అమ్మా నాన్నా పోయాక పదేళ్ల తమ్ముణ్ణి పెంచి, చేతికి కత్తెరిచ్చి, ఏది కొలిచినా రెండు వేళ్లు లూజు వదలమని నెత్తిన మొట్టి మరీ చెప్పాడు. అన్నయ్య సముద్రం దాటి కాపురం పెట్టి ఇరవై ఏళ్లయినా తమ్ముడి వేళ్లు ఆ మాట మర్చిపోలేదు.

మంగళవారం ప్రయాణం సంగతి చూడటానికి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మనుషులనూ కార్లనూ కలిపి మోసే ఫెర్రీలు ఆ వారంలో రెండే ఉన్నాయి. చిన్నది గురువారం పొద్దున్న ఎనిమిదికి బయలుదేరి మధ్యాహ్నం రెండుకు చేరుతుంది. పెద్దది శుక్రవారం తొమ్మిదికి బయలుదేరి మూడుకు చేరుతుంది. ఐదు మీటర్లు దాటిన బండికి చిన్నదాంట్లో చోటివ్వరు. అవతలి రేవు నుంచి ఆసుపత్రి నలభై కిలోమీటర్లు, బస్సుల్లేవు. అందుకే కారు.

ఫారంలో కారు పొడవు అడిగారు. మాస్టారు వీధిలోకి వెళ్లి, మెడలో టేపు తీసి, ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా వంగి వంగి కొలిచాడు. "మాస్టారూ, కారుకు సూటు కుడుతున్నారా?" అన్నాడు ఎదురింటి మంగలి. ఇంకో రోజైతే వాడికి నాలుగు తగిలించేవాడు. ఆ రోజు తలూపి లోపలికి వచ్చేశాడు. నాలుగు మీటర్ల తొంభై ఏడు సెంటీమీటర్లు. ఫారంలో మాత్రం ఐదు మీటర్ల ఒక సెంటీమీటరు అని పడింది. తెర మీద గురువారం ఫెర్రీ మాయమై శుక్రవారానిది మిగిలింది. దాన్నే నొక్కాడు.

"శుక్రవారం పడవే దొరికింది వదినా. దిగేసరికి మూడవుతుంది" అని ఫోన్లో చెప్పాడు. "డాక్టరును అడిగి చూస్తాను" అంది వదిన.

బుధవారం సాయంత్రం ఆయన భార్య సంచి సర్దుతూ టికెట్టు కాగితం చూసింది. కొట్లో కాజాలూ గుండీలూ ఆవిడ పనే, అంగుళంలో పదోవంతు తేడా వచ్చినా కనిపెట్టే కళ్లు ఆవిడవి.

"మన కారు ఐదు మీటర్లు దాటిందా? ఎప్పుడు పెరిగింది?"

"లూజు వదిలాను."

"కారుకా? అదేమైనా ఒళ్లు చేస్తుందా?" అని పకపకా నవ్వింది. అంతలో శుక్రవారం అన్న మాట కంటబడింది. నవ్వు ఆగిపోయింది. వెంటనే ఫెర్రీ ఆఫీసుకు ఫోన్ చేసింది. గురువారం పడవలో కార్లకు చోటు నిండిపోయిందన్నారు. నడిచి ఎక్కేవాళ్లు మాత్రం ఎంతమందైనా రావచ్చు, ఏడింటికల్లా రేవులో ఉంటే చాలన్నారు.

"మీరు రేపు నడిచి ఎక్కండి. కారు ఎల్లుండి నేను తెస్తాను."

"అక్కడి నుంచి నలభై కిలోమీటర్లు..."

"వాళ్ల పక్కింటాయన రేవుకు బండి పంపిస్తాడని మీ వదిన ఎప్పుడో చెప్పారు కదా."

"శనివారానికి ఇవ్వాల్సిన కోటు ఉంది."

"ఆగుతాడు."

"నాకు పడవ పడదు."

"శుక్రవారం పడవ పడుతుందా?"

భార్య వచ్చి పక్కన కూర్చుంది. "మీకు వెళ్లాలని లేదా?"

"లేదు" అన్నాడు. అది ఇంకెవరో అన్నట్టు వినబడింది. "గురువారం పడవ మాయమైనప్పుడే నాకు తెలిసింది. అంకె మార్చితే మళ్లీ వచ్చేది. మార్చలేదు. అన్నయ్య ముప్పై ఎనిమిది కిలోలకు వచ్చాడట. నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పిన మనిషి. అంతా అయిపోయాక వెళ్తే చూడక్కర్లేదు కదా అనుకున్నాను. సోమవారం నుంచి ఏమీ అనిపించడం లేదే నాకు. అక్కడికి వెళ్తే అనిపిస్తుందని భయం."

ఆవిడ కోప్పడలేదు. "సరే. ఆ మాట మీ వదినకు మీరే చెప్పండి. నెపం పడవ మీదకు మాత్రం నెట్టకండి" అని ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

ఫోన్ మోగీ మోగగానే వదిన ఎత్తింది. గొంతు కాస్త తేలికపడి ఉంది.

"నేనే చేద్దామనుకుంటున్నాను బాబూ. డాక్టరు ఒప్పుకున్నాడు. నువ్వొచ్చేదాకా, శుక్రవారం సాయంత్రం వరకూ ఆగుతామన్నాడు."

"అన్నయ్య?"

"ఆయన్నడిగాకే డాక్టరు ఒప్పుకున్నాడు. రెండు రోజులుగా నొప్పికి ఏ మందూ పనిచేయడం లేదు. మంచం ఊచ పట్టుకున్న చెయ్యి వదలడం లేదు. అయినా పలక ఇమ్మని సైగ చేసి రాశారు."

"ఏమని?"

"పడవ లేకపోతే వాడేం చేస్తాడు, ఆగుతాను అని."

వదిన రెండుసార్లు హలో అంది. భార్య మాస్టారి మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఆపించొద్దు వదినా" అన్నాడు చివరికి. "పదింటికే తీయమనండి. రేపు సాయంత్రానికల్లా నేనక్కడ ఉంటాను."

"రేపటి పడవ దొరికిందా?"

"మొదటి నుంచీ ఉంది వదినా" అన్నాడు.